ఇంటిపన్నులో ఎనిమిది పైసలు

"మేం కట్టే పన్నులతో లైబ్రరీలెందుకు, ఐదు రూపాయల భోజనాలెందుకు?" అనే మాట మా మదనపల్లె వైపు కూడా వినబడుతోంది. బాధగా ఉంటుంది.

లైబ్రరీకి మనం కట్టేదెంత? 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు సెస్సు. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇంటికి ఏడాదికి 80 రూపాయలు. ఆ డబ్బుకు గ్రూప్-2 గైడు ఒక్కటి కూడా రాదు.

పుంగనూరులోనో కుప్పంలోనో పొద్దున పూట లైబ్రరీకి పోయి చూడండి. ఒకే పేపరును షీట్లుగా విడదీసి నలుగురు పంచుకుంటారు. డీఎస్సీకి చదివే ఆడపిల్ల కరెంట్ అఫైర్స్ నోట్సులోకి ఎక్కించుకుంటూ తలెత్తదు. ఇంట్లో ఒకే గది ఉన్నవాళ్ళకు ఆ బల్లే చదువుకునే చోటు.

ఐదు రూపాయలకు భోజనం పెట్టే అన్న క్యాంటీన్ సంగతీ అంతే. మార్కెట్టులో టమోటా బాక్సులు మోసే మనిషి 15 రూపాయలతో మూడు పూటలా తింటాడు. ఈ క్యాంటీన్లను 2019లో మూసేసి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచారు. ప్రభుత్వం మారితే ఆగిపోయే అన్నం కాకూడదది.

నాకు కోపం పన్ను మీద కాదు. మన దగ్గర వసూలు చేసిన సెస్సును చాలాచోట్ల స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టకుండా ఏళ్ళ తరబడి బకాయి పెడుతున్నాయి. పుస్తకాలు కొనాల్సిన డబ్బు అది. మీ కౌన్సిలరు కనబడితే అడగండి: మన ఊరి సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు?