కాల్షీట్లు ఇవ్వని హీరో కోసం...

నేను సినిమా పత్రికలకు రాసుకుని బతికేవాణ్ణి. మాది రాజమండ్రి. గోదావరి మీద షూటింగంటే చాలు, పట్టిసీమైనా పులిదిండైనా బస్సెక్కి పోయి, చెట్టు కింద కూచుని, హీరోగారు మేకప్ తీసేదాకా ఆగి నాలుగు ముక్కలు చెప్పించుకురావడం నా వృత్తి. ఎంతటి హీరో అయినా ఈ పూట కాకపోతే మర్నాడైనా దొరుకుతాడు. కానీ రెండేళ్ళుగా ఒక హీరో మాత్రం నన్ను తెగ తిప్పిస్తున్నాడు. ఆయనకు మేనేజరు లేడు, ఫోను లేదు, కాల్షీట్లు అసలే లేవు. పెద్దవాడైతే పొడుగు 40 అడుగులు. ఒళ్ళంతా తెల్లని చుక్కలు. పేరు వేల్ షార్క్. తిమింగలమంతటి సొర అన్నమాట!

సముద్రంలో మునిగి సొరను చూసొస్తానంటే మా అమ్మ ముందు నవ్వింది, తర్వాత కళ్ళొత్తుకుంది. "ఇన్నాళ్ళూ మనం సొర పిట్టు వండుకు తిన్నాం. ఆ బాకీ తీర్చడానికి నువ్వు బయల్దేరావా నాయనా?" అంది.

అమ్మ భయానికి కారణం నాకు తెలుసు. చిన్నప్పుడు కేబుల్ టీవీలో "జాస్" వస్తుంటే ఇద్దరం కలిసే చూశాం. 1975లో వచ్చిన ఆ సినిమా ప్రపంచానికంతా సొర భయం పట్టించింది. అందులో తమాషా ఏమిటంటే, సొర కోసం తయారుచేసిన యంత్రం ఉప్పునీళ్ళలో పెట్టేసరికి మొరాయించిందట! దాంతో స్పీల్‌బర్గ్ దాన్ని సరిగ్గా చూపించకుండానే సగం సినిమా పైగా లాగించాడు. కనబడని సొరే జనాన్ని ఎక్కువ భయపెట్టింది. ఆ కథ మూల నవల రాసిన పీటర్ బెంచ్‌లీ తర్వాతి రోజుల్లో సొరలను కాపాడండి మొర్రో అంటూ ప్రచారం చేశాడు. కానీ సినిమా వేసిన ముద్ర పోతుందా?

మా చుక్కల హీరో విలన్ కాడు. అంత నోరూ తెరిచి నీళ్ళు మింగి, అందులోని కంటికానని జీవాలనూ, చేపగుడ్లనూ, చిన్న చేపలనూ వడగట్టుకుని బతుకుతాడు. పళ్ళు వేలల్లో ఉన్నాయి గానీ గింజలంతేసి. కొరికేదీ లేదు, నమిలేదీ లేదు. ఒక్కో సొర ఒంటి మీద చుక్కల ముగ్గు ఒక్కో తీరు. ఆకాశంలో నక్షత్రాల గుంపులను పోల్చి చూసే లెక్కనే కాస్త మార్చి, ఏ సొర ఏదో ఫొటోల్లో గుర్తుపట్టే పద్ధతిని 2005లో శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. స్టార్ అన్న మాట ఇంతకంటే ఎవరికి నప్పుతుంది చెప్పండి!

మన ఊళ్ళో మునగలేమా?

నాకు ఈ పిచ్చి పట్టించింది 2021 డిసెంబరులో వచ్చిన ఒక వార్త. విశాఖకు దక్షిణాన తంతడి తీరంలో జాలర్ల వలకు వేల్ షార్క్ చిక్కింది. బరువు రెండు టన్నులని పత్రికలు రాశాయి. జాలర్లూ, అటవీ శాఖవాళ్ళూ కలిసి దాన్ని ప్రాణాలతో సముద్రంలోకి పంపేశారు. తంతడి దాకా వచ్చినవాడు మన కాకినాడ దాకా రాడా అనిపించింది.

ఒక ఆదివారం కాకినాడ వెళ్ళాను. జగన్నాథపురం వైపు బోట్ల దగ్గర వల బాగుచేసుకుంటున్న ఓ పెద్దాయన్ని కదిపాను.

"ఇక్కడ మునిగితే సొర కనిపిస్తుందా తాతా?"

ఆయన నా కేసి ఎగాదిగా చూశాడు. "ఇక్కడ మునిగితే మీ సెయ్యి మీకే కనబడదండి బాబూ!"

నిజమే. గోదావరి ఏటా మోసుకొచ్చే ఒండ్రు ఈ నీళ్ళలోనే కలుస్తుంది. కోనసీమ కొబ్బరికీ, మన వరికీ ప్రాణం పోసింది ఆ ఒండ్రే. దాని సారం సముద్రంలో చేరితేనే కంటికానని జీవాలు పుట్టలు పుట్టలుగా పెరుగుతాయి. వాటి కోసం చేపలొస్తాయి, వాటి వెనకాలే సొరా వస్తుంది. అంటే మా హీరోను పిలిచే విందూ ఆ బురదే, నాకు అడ్డంగా దించిన తెరా ఆ బురదే!

"పోనీ, నువ్వు చూశావా?" అన్నాను.

"ఆయ్, సూడకేం! వల లాగుతుంటే కదల్లేదండి. అడుగున బండరాయి తగిలిందనుకున్నాం. తీరా సూత్తే సుక్కలు! పాపం, అది ఏమీ సెయ్యదండి. బెదిరిపోయి పొర్లిందంతే."

"ఏం చేశారు మరి?"

"ఏం సేత్తాం, వల కోసేశాం. కొయ్యకపోతే అదీ సచ్చిపోద్ది, మా బోటూ తిరగబడద్ది. అప్పు సేసి కొన్న వలండి అది." కాసేపు ఆగి నవ్వుతూనే అన్నాడు, "మీరు డబ్బులు పెట్టి దాన్ని సూడ్డానికెళ్తారు. మేం డబ్బులు పోగొట్టుకుని దాన్ని వదిలేత్తాం. ఇద్దరిదీ అదే సొరండి!"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఒక సినిమా చేసిన మేలు

సినిమా చేసిన చెరుపుకు సినిమాయే విరుగుడు కూడా చేసింది. గుజరాత్ తీరంలో ఒకప్పుడు ఈ సొరలను కాలేయం నూనె కోసమూ, మాంసం కోసమూ వందల్లో చంపేవారు. కొక్కేలకు పీపాలు కట్టి, సొర అలిసిపోయేదాకా వేటాడేవారు కనుక దాని పేరే అక్కడ "బ్యారెల్" అయిపోయింది. "జాస్"లో పీపాల సీను గుర్తుందా? అచ్చం అలాగే! మైక్ పాండే ఆ వధను కెమెరాకెక్కించి "షోర్స్ ఆఫ్ సైలెన్స్" అనే డాక్యుమెంటరీ తీశాడు. ఆ తర్వాత 2001లో మన ప్రభుత్వం వేల్ షార్క్‌ను పులి, ఏనుగులతో సమానంగా చట్టం కిందికి తెచ్చింది. 2004లో అక్కడి ప్రచారానికి మొరారి బాపు పెద్దదిక్కయ్యారు. ఈ సొర పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులాంటిది, చంపకండి అని చెబితే జాలర్లు విన్నారు. సొరను విడిపించడానికి వల కోసుకున్నవాళ్ళకు అక్కడ నష్టపరిహారం కూడా ఇస్తున్నారు. వేటాడిన చేతులే వందల సొరలను వదిలిపెట్టాయి.

ఇక ప్రయాణం ప్లాను

వర్షాలూ తుపాన్లూ తగ్గి నీళ్ళు తేటపడే రోజులు చూసుకోవాలి. అంచేత సంక్రాంతి వెళ్ళాక అని ముహూర్తం పెట్టుకున్నాను. రాజమండ్రి నుంచి విశాఖ రైల్లో 200 కిలోమీటర్లు. ఋషికొండ దగ్గర స్కూబా నేర్పేవాళ్ళున్నారు. ఎప్పుడూ మునగనివాణ్ణి పక్కనే గురువును పెట్టి 40 అడుగుల లోతు మించకుండా తీసుకెళ్తారు. మూడు నాలుగు రోజుల కోర్సు పూర్తిచేస్తే 60 అడుగుల దాకా వెళ్ళొచ్చు. ఉబ్బసం, గుండెజబ్బు, చెవిజబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టరుగారిని అడిగి తీరాలి. జలుబున్నా ఆ రోజుకు మానుకోవాల్సిందే.

సినిమాలో హీరో ఊపిరి బిగబట్టి దూకుతాడు. ఇక్కడ ఆ పని చేస్తే ప్రమాదం. సిలిండరు గాలి పీలుస్తూ పైకొచ్చేటప్పుడు ఊపిరి బిగబడితే, ఆ గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులే దెబ్బతింటాయి. ఇంకో సంగతి! విశాఖ వెళ్ళినవాళ్ళం అరకు చూడకుండా వస్తామా? కానీ మునిగిన వెంటనే 3000 అడుగుల ఎత్తు ఎక్కకూడదు, విమానమూ ఎక్కకూడదు. ఒంట్లో కరిగిన నత్రజని బుడగలు కట్టి పీడిస్తుంది. అందుకని ముందు అరకు, తర్వాతే సముద్రం.

ఫోనులో ఒకాయన "షార్క్ గ్యారంటీ సార్!" అన్నాడు. పేరు చెప్పను గానీ ఆ ఫోను అక్కడే పెట్టేశాను. ఋషికొండలో గ్యారంటీ ఏమీ లేదు. ఏడాది పొడుగునా కనిపించే చోటు కావాలంటే మాల్దీవుల్లో దక్షిణ అరి దీవులకు పోవాలి. ఆ ఖర్చు లెక్కేస్తే నా రాతలకు ఏడాదిలో వచ్చేదంతా చాలదు.

"కనబడకపోతే డబ్బులు దండగే కదరా?" అంది అమ్మ.

నేనూ అదే ఆలోచించాను. పుష్కర ఘాట్ మెట్ల మీద గొలుసు వదలకుండా స్నానం చేస్తూ పెరిగినవాణ్ణి నేను. ముప్పై దాటినా నీళ్ళంటే గుండెదడ. సొర కనబడినా కనబడకపోయినా ఆ గొలుసు ఒక్కసారైనా వదలాలి. ఒకవేళ హీరోగారు దర్శనమిస్తే పది అడుగులు ఎడంగా, తోకకు ఇంకాస్త దూరంగా ఉంటాను. ముట్టుకోను, ఫ్లాష్ కొట్టను.

ఇంకో కారణం కూడా ఉంది. ఆ రోజు కాకినాడలో నేను లేచి వచ్చేస్తుంటే పెద్దాయన వెనక్కి పిలిచాడు.

"బాబూ, మేం ఎప్పుడూ దాన్ని పైనుంచే సూశాం, అదీ వల్లో పడి కొట్టుకుంటుంటే. నీళ్ళలో దాని మానాన అది పోతుంటే ఎలాగుంటదో సూసొచ్చి కాత్త సెప్పండి."

మాటిచ్చాను. సినిమావాళ్ళ ఇంటర్వ్యూలు పాఠకుల కోసం తెచ్చాను. ఈ ఒక్కటీ ఆయన కోసం తేవాలి. టిక్కెట్టు కొన్నాను, సంచి సర్దుకున్నాను. దారిలో తినడానికి అమ్మ పూతరేకులు కట్టిచ్చింది. సొర పిట్టు మాత్రం ఈసారి వండనంది!