ఎవరి బరువుకి కొట్టిన గాలి?

"కొత్త బైక్ కొన్నాను" అని ఆఫీసులో చెబితే మొదటి ప్రశ్న "ఎన్ని సీసీ?". రెండోది "మైలేజ్ ఎంతిస్తోంది?". సైకిల్ అని చెప్పగానే ముఖాల్లో జాలి. రేటు చెప్పగానే ఆ జాలి కాస్తా అనుమానంగా మారిపోతుంది. అందుకే రేటు చెప్పడం మానేశాను. ఇంట్లో అయితే ఏకంగా అబద్ధమే ఆడాను. పాతిక వేలన్నాను. అసలు రేటు లక్షా నలభై వేలు. అదీ సెకండ్ హ్యాండ్‌లో.

నాది ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైక్. ఈ రకాన్ని ఆల్-మౌంటెన్ అంటారు. గుట్ట మీదకి మన కాళ్లతోనే తొక్కుకుంటూ ఎక్కాలి, రాళ్ల మీంచి కిందికి దూకుతూ దిగాలి. రెండు పనులూ ఒకే బండి చెయ్యాలి. ముందు ఫోర్క్ 150 మిల్లీమీటర్లు కుంగుతుంది. వెనక చక్రం 140. వెనక భాగం ఫ్రేమ్‌తో కలిపి వెల్డింగ్ చేసి ఉండదు, బేరింగుల మీద పైకీ కిందికీ ఆడుతుంది. ఆ ఆటని పట్టి ఉంచడానికి మధ్యలో జానెడు షాక్. నా బండి షాక్‌లో ఇనప స్ప్రింగ్ ఉండదు. ఉత్త గాలే. ఈ గాలి సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

హైదరాబాద్‌లో దీంతో ఏం పని అంటారా? ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు, పైన సోలార్ పలకల నీడ కూడా ఉంటుంది. బాగుంటుంది. కానీ దాని మీద నా బండి తొక్కడమంటే ట్రాక్టరేసుకుని పెళ్లిచూపులకి వెళ్లినట్టే. దీని చోటు ఖాజాగూడ గుట్టలు. ఐటీ బిల్డింగుల పక్కనే 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ రాళ్లు. ఎండిన బండ మీద టైరు బల్లిలా పట్టుకుంటుంది. అదే బండ మీద రాలిన గరుసు ఉందా, ఇక అంతే. ఆదివారం పొద్దున్నే ఆరింటికి అక్కడ ఉంటే సోమవారం స్టాండప్ మీటింగ్ కొంచెం ఓర్చుకోగలను.

అసలు నాకీ పిచ్చి ఎక్కడ పట్టిందంటే చెప్పలేను. మాది తణుకు దగ్గర ఊరు. మా వైపు ఎత్తు అంటే కాలవ గట్టు, అంతే. నాన్నకి సైకిల్ షాపు ఉండేది. పంచర్లు, ఓవరాయిలింగ్, గంటకి రెండు రూపాయల అద్దె సైకిళ్లు. నేను బీటెక్‌లో చేరిన ఏడాది అద్దె సైకిళ్లు పదకొండూ అమ్మేశాడు. నా ఫీజుకే అమ్మాడని స్నేహితులకి చెబుతుంటాను, వినడానికి బాగుంటుందని. నిజానికి అప్పటికే అద్దెకి తీసుకునేవాళ్లు లేరు. పాత ఇనప సామాన్ల వాడికి తూకానికి వేశాడు. తర్వాత షాపూ మూసేశాడు. పానాలు, స్క్రూడ్రైవర్లు ఉన్న రేకు పెట్టె మాత్రం ఇప్పటికీ మంచం కింద ఉంది.

అలాంటి మనిషికి ఫోన్ చేసి లక్షా నలభై వేలు పెట్టి సైకిల్ కొన్నానని ఎలా చెప్పను?

బండి బెంగళూరు నుంచి అట్టపెట్టెలో వచ్చింది. విప్పి బిగించుకున్న రోజు నుంచే మార్పులు మొదలెట్టాను. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇదో జబ్బు. నడుస్తున్న దాన్ని నడవనివ్వం. ముందు స్టెమ్ మార్చి పొట్టిది వేశాను. తర్వాత కార్బన్ హ్యాండిల్‌బార్. తర్వాత నారింజ రంగు పెడల్స్, దానికి మ్యాచింగ్ గ్రిప్స్. టైర్లు ట్యూబ్‌లెస్ చేశాను. ట్యూబ్ బదులు లోపల పాలలాంటి సీలెంట్ పోస్తారు. ముల్లు గుచ్చుకుంటే అదే వెళ్లి కన్నం మూసేస్తుంది. ఖాజాగూడ తుమ్మముళ్లకి ఇది తప్పదు, దీన్ని దుబారా లెక్కలో వెయ్యను. మిగతావన్నీ కలిపి ముప్పై ఎనిమిది వేలు. ఎక్సెల్ షీట్ ఉంది.

ఒకటి మాత్రం కొనలేదు. షాక్ పంపు. ఈ షాక్‌లో గాలి 150, 200 పీఎస్ఐ దాకా ఉంటుంది, కారు టైరులో ముప్పై చిల్లర ఉంటుందనుకోండి. మామూలు పంపుతో కుదరదు, ప్రత్యేకమైనది కావాలి. రెండున్నర వేలు. గాలి కొట్టే పంపుకి రెండున్నర వేలా అనిపించింది. మా షాపు బయట తాడు కట్టి పెట్టిన పంపుతో ఊరంతా ఊరికే గాలి కొట్టుకునేది మరి. బెంగళూరు ఆయన ఎంత గాలితో పంపాడో అంతే ఉంచేశాను.

ఒక్కటి మాత్రం ముట్టుకున్నాను. షాక్ కింద ఎర్ర నాబ్ ఉంటుంది. ఒక పక్క కుందేలు బొమ్మ, ఇంకో పక్క తాబేలు. కుంగిన షాక్ తిరిగి ఎంత వేగంగా పైకి లేవాలో చెప్పే నాబ్ అది. నేను చదవలేదు. కుందేలంటే స్పీడు కదా అని చివరిదాకా కుందేలు వైపు తిప్పేశాను. ప్రొడక్షన్‌లో కాన్ఫిగ్ ఫైల్‌ని ఇలా ముట్టుకుంటే నా ఉద్యోగం పోయేది.

మూడో నెలలో ఒక ఆదివారం, మేం 'అరుగు' అని పిలుచుకునే బండ మీంచి దిగుతున్నాను. నడుం ఎత్తు జారుడు, చివర్లో చిన్న గడప. ముందు చక్రం దిగింది. వెనక చక్రం గడపకి తగిలి గాడిద తన్నినట్టు తన్నింది. నేను హ్యాండిల్ మీంచి ముందుకి ఎగిరాను. హెల్మెట్ పగిలింది, అది పగలడం దాని పని. ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు.

బండిదే తప్పనుకున్నాను. అమ్మేద్దామని ఫొటోలు కూడా తీశాను.

అమ్మానాన్నా మర్నాటికి బస్సు దిగారు. అమ్మ వంటగదిలోకి, నాన్న బాల్కనీలోకి. అక్కడ బండి గోడకి ఆనించి ఉంది. రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. టీ తాగుతూ చూసేవాడు, అంతే. మూడో రోజు మధ్యాహ్నం నేను ఒంటి చేత్తో కోడ్ రివ్యూ చేస్తుంటే బాల్కనీలోంచి పిలిచాడు.

"ఏరా, ఇది ఎక్కడ కుంగాలి?"

చూపించాను. సీటు మీద రెండు చేతులూ వేసి బరువంతా మోపాడు. నాన్న అరవై కేజీలు ఉంటాడేమో. షాక్ కొంచెం కదిలి ఊరుకుంది. వదలగానే టపీమని లేచింది.

"లోపల స్ప్రింగా?"

"కాదు, గాలి."

"ఎవరి బరువుకి కొట్టారు?"

నాకు అర్థం కాలేదు. నాన్న చెప్పుకుపోయాడు. పాల క్యాన్లు కట్టే సైకిల్‌కి ఒక గాలి, కొబ్బరి బోండాల సైకిల్‌కి ఒక గాలి, ట్యూషన్‌కెళ్లే పిల్ల సైకిల్‌కి ఒక గాలి. పిల్ల సైకిల్‌కి బోండాల గాలి కొడితే గతుకులో ఎగిరి కాలవలో పడుద్ది. "నీది కూడా అలాగే ఉంది. ఎవడో లావుపాటోడి గాలి."

బెంగళూరు ఆయనకి మెసేజ్ పెట్టాను, సార్ మీ బరువెంత అని. కాసేపటికి జవాబొచ్చింది. 92. నాది 64.

"పంపు తే, చూద్దాం" అన్నాడు నాన్న.

"కొనలేదు."

నారింజ పెడల్స్ వంక, కార్బన్ హ్యాండిల్ వంక, నా కట్టు వంక చూశాడు. "అన్నీ కొన్నావు, పంపు కొనలేదా" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది.

పంపు రెండు రోజుల్లో వచ్చింది. బిగించి చూస్తే 210. లెక్క ఏంటంటే, మనం బండెక్కి కూర్చోగానే వెనక షాక్ తన కదలికలో దాదాపు 30 శాతం కుంగిపోవాలి. దీన్ని సాగ్ అంటారు. చక్రం రాయి తగిలినప్పుడు పైకి రావడమే కాదు, గుంట వచ్చినప్పుడు కిందికి దిగాలి కూడా. ఆ దిగే చోటు ఇచ్చేది ఈ సాగే. నా షాక్ కదలిక 55 మిల్లీమీటర్లు, అంటే పదహారు కుంగాలి. షాక్ మీద ఒక రబ్బరు రింగు ఉంటుంది. దాన్ని కిందికి నెట్టి, మెల్లగా ఎక్కి, మెల్లగా దిగితే ఎంత కుంగిందో రింగే చూపిస్తుంది. నేను గోడ పట్టుకుని ఎక్కడం, నాన్న బండి పట్టుకుని స్కేలుతో కొలవడం. మొదటిసారి ఎనిమిది. గాలి తగ్గించాం. పదకొండు. పద్నాలుగు. 150 దగ్గర పదహారు వచ్చింది. తర్వాత నాబ్‌ని కుందేలు నుంచి తాబేలు వైపు తిప్పాం, ఒక్కో క్లిక్కూ లెక్కపెట్టుకుంటూ. పుట్‌పాత్ అంచు మీంచి దింపితే వెనక చక్రం ఒకసారి కుంగి, లేచి, ఇక ఊగకుండా ఆగాలి. గాలికి ఖర్చు సున్నా. ముప్పై ఎనిమిది వేలలో ఏ వస్తువూ చెయ్యని పని అది.

నాన్న చెప్పినవన్నీ సరైనవేం కాదులెండి. హ్యాండిల్ బోల్టులు బిగించబోతుంటే గబుక్కున ఆపాను. కార్బన్ అది, నాన్న చేతి బిగువుకి పగులుతుంది. 5 న్యూటన్ మీటర్లే బిగించాలి, దానికి టార్క్ రెంచ్ ఉంది. "ముప్పయ్యేళ్లు బిగించాను, చేతికి తెలీదా?" అని ముఖం ముడుచుకున్నాడు. తర్వాత రెంచ్ తీసుకుని తనే తిప్పాడు. టక్‌మని శబ్దం రాగానే ఆగి, మళ్లీ వదులు చేసి, మళ్లీ టక్ అనిపించాడు. ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న బోల్టులన్నీ టక్ అన్నాయి, ప్రెషర్ కుక్కర్ పిడితో సహా.

వెనక బేరింగులు విప్పించింది కూడా ఆయనే. వానాకాలం బురదలో తొక్కి, పైపు పెట్టి కడిగేశాను. అలా కడిగితే గ్రీజు పోతుందని తెలీదు. నాన్న అమ్మ దగ్గర పిన్నీసు అడిగి, బేరింగు పక్కనున్న రబ్బరు సీలు గోటితో పెచ్చు తీసినంత సున్నితంగా లేపాడు. లోపల గ్రీజు ఎండి, మట్టి కలిసి కాఫీ పొడిలా ఉంది. కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీజు కూరాడు. నేను ఒక చేత్తో డబ్బా పట్టుకున్నాను. చిన్నప్పుడు షాపులో నా పని కూడా అదే.

అప్పుడు ఆయనకి రీప్యాక్ కథ చెప్పాను. 1970ల్లో కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ అని, అక్కడి కుర్రాళ్లు 1930ల్లో, 40ల్లో చేసిన బరువైన పాత సైకిళ్లని కొండ మీదకి మోసుకెళ్లి, మట్టి దారిలో కిందికి వదిలేవాళ్లు. వాటికి హబ్‌లోనే బ్రేకు, పెడల్ వెనక్కి తొక్కితే పడేది. కిందికొచ్చేసరికి హబ్ వేడెక్కి లోపలి గ్రీజు పొగైపోయేది. మళ్లీ విప్పి గ్రీజు కూరితే గానీ పనికొచ్చేది కాదు. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు. 1976 అక్టోబర్‌లో అక్కడ మొదటి రేసు పెట్టారు. మౌంటెన్ బైక్ పుట్టుక గురించి ఎవరు రాసినా ఆ దారి పేరు రావాల్సిందే.

నాన్న చేతులు తుడుచుకుంటూ విన్నాడు. "పాత సైకిళ్లా?" అని అడిగాడు. అవునన్నాను. "మనం తూకానికేశాం" అన్నాడు.

ఆ గుడ్డతోనే బేరింగు మళ్లీ తుడుస్తూ, నా వైపు చూడకుండా, "ఈ బేరింగులు చూసినోడికి ఇది పాతిక వేల బండి అంటే నవ్వుతాడ్రా" అన్నాడు.

వంటగదిలో మిక్సీ తిరుగుతోంది. చెప్పేశాను. లక్షా నలభై. పైన ముప్పై ఎనిమిది.

"అప్పా?"

"కాదు, బోనస్ డబ్బులు."

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, కోపం లేకుండానే, "మన షాపులో సామాను మొత్తం కలిపినా అంత ఉండేది కాదు" అన్నాడు. నేనేం మాట్లాడాలో నాకిప్పటికీ తెలీదు. సారీ చెప్పాల్సిన విషయమో కాదో కూడా తెలీదు. మిక్సీ ఆగింది. నాన్న గొంతు తగ్గించి, "మీ అమ్మకి మాత్రం పాతికే అని ఉంచు" అన్నాడు.

కట్టు విప్పాక, ఫిజియోథెరపీ అయ్యాక, మొత్తం మూడు నెలలకి మళ్లీ ఖాజాగూడ వెళ్లాను. నాన్న ఏదో పెళ్లికని హైదరాబాద్ వచ్చి ఉన్నాడు, తనూ వస్తానన్నాడు. స్కూటర్ మీద ఫ్రెండ్ దింపాడు. ఎదురుగా ఒక బండెక్కి కూర్చుని, కిందికి చూసి, "ఇక్కణ్ణించా!" అన్నాడు. మొదటిసారి అరుగు అంచు దాకా వెళ్లి బ్రేకు నొక్కేశాను. రెండోసారీ అంతే. మూడోసారి దిగి, బండిని నడిపించుకుంటూ కిందికొచ్చాను. నాన్న ఏమీ అనలేదు, ఫోన్ కెమెరా మాత్రం దించేశాడు. నాలుగోసారి సీటు పూర్తిగా కిందికి దించి, నడుం వెనక్కి పెట్టి, వదిలేశాను. గడప దగ్గర వెనక చక్రం కుంగింది, లేచింది, నేల మీదే ఉంది. అంతే, రెండు సెకన్లు. వీడియోలో నాన్న వేలు అడ్డొచ్చి సగం కనిపించదు.

ఫొటోలు డిలీట్ చేశాను, బండి అమ్మడం లేదు. కార్బన్ హ్యాండిల్ అమ్మేసి అల్యూమినియంది వేశాను, కిందపడ్డాక దాని మీద నాకు నమ్మకం పోయింది. పెడల్స్ ఉంచాను, రంగు బాగుంది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లొచ్చాక నాన్న ఫోన్ చేశాడు.

"బరువు చూసుకున్నావా?"

"67."

"మరి గాలి?"