వానలో పాదరక్ష

తెలుగు పండితుడు బూట్ల గురించి వ్రాయడమేమిటని నవ్వుకోకండి. మన భాషలో 'చెప్పు' అన్న మాటకు పలుకుమని ఒక అర్థం, పాదరక్ష అని ఒక అర్థం ఉండగా, చెప్పుల గురించి చెప్పడానికి పండితునికి అర్హత లేదనేవారెవరు? శ్లేషను పక్కన పెట్టి విషయానికి వస్తాను.

ఉద్యోగ విరమణ చేసిన ఏడాదే నాకు చక్కెర వ్యాధి బయటపడింది. వైద్యుని అనుమతి తీసుకొని పరుగు మొదలుపెట్టాను. పోటీ పరుగు కాదు లెండి. నడకకు అన్న, పరుగుకు తమ్ముడు అనదగిన పరుగు. వారానికి నాలుగు రోజులు, తెల్లవారక మునుపే, నంద్యాల వీధులలో మూడు కిలోమీటర్లు. ఎండాకాలంలో ఏ చిక్కూ లేదు. చిక్కంతా శ్రావణం నుండి కార్తికం దాకా. నైఋతి ఋతుపవనం వెనుదిరిగిందనుకునే సరికి ఈశాన్యం వచ్చి పడుతుంది. వాన ఆగేదాకా మానుకుందామంటే, వాన ఆగినంత మాత్రాన రక్తంలో చక్కెర ఆగదు కదా!

వ్యాసభారతం అనుశాసన పర్వంలో గొడుగూ పాదరక్షలూ ఎలా వచ్చాయో ఒక కథ ఉన్నది. జమదగ్ని మహర్షి వినోదంగా బాణాలు వేస్తూంటే, భార్య రేణుక వాటిని ఏరి తెచ్చి ఇస్తూ ఉంటుంది. నడినెత్తికి ఎక్కిన ఎండకు తలా పాదాలూ కాలి, ఆమె ఒక చెట్టు నీడన క్షణకాలం నిలిచి ఆలస్యంగా వస్తుంది. కారణం తెలిసి మహర్షి సూర్యుని మీదికే విల్లెక్కుపెడతాడు. సూర్యుడు విప్రరూపంలో వచ్చి శరణు వేడి, తలకు గొడుగునూ కాళ్ళకు పాదరక్షలనూ ఇచ్చి వెళతాడు. ఈ కథను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను గాని, ఒక సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. మనకు పాదరక్షలనిచ్చినవాడు సూర్యుడు, వరుణుడు కాదు. గొడుగు ఎండకూ వానకూ పనికి వచ్చింది. చెప్పు ఎండకు పుట్టి ఎండ దగ్గరే ఆగిపోయింది.

మా చిన్నతనంలో ఆళ్లగడ్డలో వాన పడితే మొదట చేసే పని చెప్పులు విడిచి చేత పట్టుకోవడం. నల్లరేగడి బురదలో చెప్పు దిగబడితే కాలు బయటికి వచ్చేది, చెప్పు లోపలే ఉండిపోయేది. "తోలు తడిస్తే చెడిపోతాది, కాలు తడిస్తే ఆరిపోతాది" అనేవాడు మా నాయన. ఆ మాట వేదవాక్కని చాలాకాలం నమ్మాను. అది అబద్ధమని నాకు తెలియజేసింది మా అన్న కాలు.

అన్న నాకంటె ఐదేండ్లు పెద్ద. ఆళ్లగడ్డలోనే సేద్యం చేసుకుంటూ ఉండిపోయాడు. చక్కెర ఆయనకు నాకంటె చాలా ముందే వచ్చింది. 2019 వినాయక చవితికి నేను ఊరికి వెళుతూ, నంద్యాలలో ఆయన కోసం ఒక జత బూట్లు కొన్నాను. నీరు చొరదని చెప్పి అమ్మినవి, ఖరీదైనవి. "చినుకు కూడా లోపలికి పోదన్నా! పొద్దున్నే నువ్వూ నా మాదిరి నాలుగడుగులు ఉరుకు" అని నా చేతులతో తొడిగి వచ్చాను. ఆ తృప్తి రెండు వారాలు నిలిచింది.

ఆ నెల నడుమనే మా సీమను ముంచిన వానలు వచ్చాయి. మహానంది ఆలయంలోకి వరదనీరు వచ్చిన ఏడు అదే. వాన తెరిపిచ్చిన ఒక ఉదయం అన్న బూట్లు తొడుక్కొని రోడ్డెక్కాడు. మళ్ళీ అందుకొన్నది. బూటు బట్ట మాట తప్పలేదు, ఒక్క చుక్కనూ పీల్చలేదు. కాని పిక్కల వెంట జారిన నీరు చీలమండ దగ్గరి నోటిగుండా లోపలికి దిగింది. లోపలికి రానివ్వని బట్ట బయటికీ పోనివ్వదు. కుండలో నిలిచినట్టు నిలిచింది. దారిలో ఎవరో పెళ్ళిమాటలకని పిలిస్తే అక్కడే కూర్చొని, మధ్యాహ్నం దాకా అన్న వాటిని విప్పలేదు. నానిన చర్మం ఒరుసుకొని చిటికెన వేలి కింద బొబ్బ లేచింది. చక్కెర వల్ల నరాలు మొద్దుబారిన కాలు గనుక నొప్పి తెలియలేదు. తెలిసిన నాటికి వాసన వచ్చింది. కర్నూలులో రెండు వేళ్ళు తీసివేశారు.

ఆసుపత్రిలో నేను తల దించుకొని నిలబడితే అన్న అన్నమాట ఇది: "బూట్లు మంచివేరా అబ్బీ. నా కాలే మొద్దుది."

ఆయన తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

అప్పటి నుండి ఈ విషయాన్ని పాఠంలాగ చదివాను. నేర్చుకున్నది ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: వానలో పరుగెత్తేవానికి కావలసినది నీటిని ఆపే బూటు కాదు, నీటిని పోనిచ్చే బూటు. వానలో కాలు తడవకుండా ఉండదు. తడిసిన కాలు ఎంత త్వరగా ఆరుతుందన్నదే ప్రశ్న. అందుకని నంద్యాలలో మళ్ళీ బూట్లు కొనబోయినప్పుడు ఒక్కొక్క జతనూ దీపానికి ఎదురుగా పట్టి చూశాను. పైబట్ట జల్లెడలాగ వెలుతురును పోనిస్తే నీటినీ పోనిస్తుంది. "సార్, వానాకాలానికి అందరూ ఆ వాటర్‌ప్రూఫువే తీసుకుంటా ఉండారు" అన్నాడు అంగడి కుర్రవాడు. నాకు వద్దన్నాను. ఎందుకో అతనికి చెప్పలేకపోయాను.

తరువాత అడుగుభాగం. 1971లో అమెరికాలో ఆరెగాన్ విశ్వవిద్యాలయపు పరుగు శిక్షకుడు బిల్ బోవర్‌మన్, గళ్ళు గళ్ళుగా ఉండే వాఫిల్ అట్ల పెనంలో రబ్బరు వంటి పదార్థాన్ని పోసి అడుగు తయారుచేయబోయాడట. మన గుంతపొంగణాల పెనం వంటిదనుకోండి. పెనం పాడయింది గాని, బుడిపెల అడుగు పుట్టింది. అయితే బుడిపెలు ఎంత ఎత్తుంటే అంత పట్టు అనుకోకూడదు. మెత్తని మట్టిలో అవి దిగబడి పట్టు నిస్తాయి. తడిసిన తారురోడ్డు మీద దిగబడేందుకు చోటు లేదు. అక్కడ నేలను తాకే రబ్బరు ఎక్కువగా, మెత్తగా ఉండాలి. గోటితో నొక్కితే కొంచెం అణగాలి. నాది తారురోడ్డు గనుక పొట్టి బుడిపెలవే తీసుకున్నాను.

తడిసిన నాపరాళ్ళ మీద, రోడ్డు మీది తెల్లరంగు గీతల మీద, మురుగుకాలువల ఇనుప మూతల మీద ఏ బూటునూ నమ్మను. అక్కడ పరుగు మాని నడుస్తాను. రేగడి నేల సంగతి చెప్పనక్కరలేదు. పది అడుగులకే బూటుకు మరొక బూటు మట్టితో తయారవుతుంది. చామకాలువ పొంగిన రోజున గడప దాటను. నిలిచిన నీటి కింద గుంత ఉందో గాజుపెంకు ఉందో తెలియదు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే జ్వరం ఉండనే ఉంది.

పాదాలు సాయంత్రానికి కొంత ఉబ్బుతాయి గనుక కొనడం సాయంత్రమే. బొటనవేలికి ముందు వేలి మందం చోటుండాలి, మడమ మాత్రం కదలకూడదు. నూలు మేజోళ్ళు నీటిని పట్టి ఉంచుతాయి. పలుచని పాలియెస్టరువి మేలు. ఇంటికి రాగానే లోపలి అట్టను తీసి, బూటులో పాత వార్తాపత్రికలు కుక్కి, ఫ్యాను గాలికి ఉంచుతాను. పొయ్యి దగ్గర పెడితే అతుకులు ఊడతాయి. ఒక జత ఆరేలోపల రెండవ జత.

వట్టికాళ్ళే మేలనే మిత్రులున్నారు. ఇథియోపియా వీరుడు అబెబె బికిలా 1960లో రోములో వట్టికాళ్ళతో మారథాన్ గెలిచాడని గుర్తు చేస్తారు. నిజమే. ఆయనే 1964లో టోక్యోలో బూట్లతో మళ్ళీ గెలిచాడని నేను గుర్తు చేస్తాను. పైగా ఆనాడు ఆయన పాదానికి ముల్లు గుచ్చుకుంటే తెలిసేది. మావంటి వారికి తెలియదు. అందుకే ప్రతి రాత్రి అద్దం నేల మీద పెట్టి అరికాళ్ళు చూసుకుంటాను.

మొన్నటి కార్తికంలో ఆళ్లగడ్డ వెళ్ళాను. బస్సు దిగేసరికి జల్లు. అన్న ఇప్పుడు వైద్యులు చెప్పిన మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు, మడమకు పట్టీ ఉన్నవి, ఇంట్లో కూడా విడవడు. నేను అరుగు మీద కూర్చొని బూట్లు విప్పుతూంటే దగ్గరికి వచ్చి, "యేదీ, కాలు చూపీ" అన్నాడు. పెద్దవాడు నా కాలు పట్టడమేమిటని వెనక్కు లాక్కోబోయాను. వినలేదు. నా పాదాన్ని ఒళ్ళో పెట్టుకొని, వేళ్ళ సందులు ఒక్కొక్కటే విడదీసి చూశాడు.

"ఈడ తడి ఉండాదిరా" అని భుజం మీది తువ్వాలుతో మెల్లగా తుడిచాడు.

నాకు నోట మాట రాలేదు. ముప్పై ఏండ్లకు పైగా మాటలు నేర్పి బ్రతికినవాణ్ణి.

మిత్రులారా, వానాకాలంలో బూట్లు ఏవైనా కొనండి. ఇంటికి రాగానే విప్పి, వేళ్ళ సందులు తుడుచుకోండి. ఇంట్లో పెద్దవారుంటే వారి పాదాలు కూడా ఒకసారి చూడండి. మీ అనుభవాలేవైనా ఉంటే వ్రాయండి, నేర్చుకుంటాను.

స్వస్తి.