తుప్పు - ముప్పు

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని పెద్దల మాట. కర్మాగారాలలోని యంత్రాలకు అటువంటి ఇంటి దొంగ తుప్పు. అది లోహస్వభావంలోనే దాగి ఉంటుంది. ఇనుము సాధారణంగా భూగర్భంలో ప్రాణవాయువుతో కూడిన ఖనిజరూపంలో లభిస్తుంది. మానవుడు దానిని కొలిమిలో బొగ్గుతో కరిగించి, ప్రాణవాయువును వేరుచేసి ఇనుమును సాధిస్తాడు. ఆ ఇనుముకు గాలి, తేమ తగిలితే చాలు, విడిచి వచ్చిన ప్రాణవాయువును మరల చేరదీసుకొని మట్టిరంగుకు మారుతుంది. మనిషికి ఊపిరి పోసే వాయువే ఇనుముకు ప్రాణాంతకమవుతుంది.

లోహాన్ని కాపాడుకొనే విద్య మన ఇండ్లలో ఏనాటి నుండో ఉన్నది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచేవారు కారు. పులుపు తగిలితే లోహం కరిగి వంటలో కలుస్తుందని వారికి అనుభవం నేర్పింది. అందుకే పాత్రల లోపల తగరంతో కళాయి పూయించేవారు. ఉప్పు, పులుపు నిండిన ఆవకాయకు జాడీయే తగినదని గుర్తించారు. నేడు ఔషధ కర్మాగారాలలో ఆమ్లాలను వేడిచేసే పెద్ద ఉక్కుపాత్రల లోపల గాజుపూత ఉంటుంది. జాడీలోని సూత్రమే అక్కడా పనిచేస్తున్నది.

శత్రువును బట్టి రక్షణోపాయం మారుతుంది. ఆవిరి పుట్టించే బాయిలరులోనికి పంపే నీటి నుండి ముందుగా ప్రాణవాయువును తొలగిస్తారు. చల్లబరిచే నీటిలో తుప్పును నిరోధించే రసాయనాలను కలుపుతారు. ఉక్కులో పదిన్నర శాతానికి తగ్గకుండా క్రోమియం కలిపితే కంటికి కనబడని పలుచని పొర ఏర్పడి లోహానికి కవచమవుతుంది. అదే స్టెయిన్‌లెస్ స్టీలు. అయితే ఉప్పులోని క్లోరైడు ఆ కవచాన్ని సైతం అక్కడక్కడ ఛేదించగలదు. విశాఖపట్నం వంటి సముద్రతీర నగరాలలోని కర్మాగారాలకు ఉప్పుగాలి నిత్యపరీక్ష.

ఒక లోహాన్ని బలియిచ్చి మరొక లోహాన్ని రక్షించే ఉపాయాన్ని 1824లో ఆంగ్ల శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ లోకానికి వెల్లడించాడు. ఓడల అడుగున తాపిన రాగిరేకులకు జింకు, ఇనుప ముక్కలను తగిలించాడు. ఆ ముక్కలు తాము క్షయిస్తూ రాగిని కాపాడాయి. కాని రాగి కరగడం ఆగేసరికి, దాని విషప్రభావం లేక సముద్రజీవులు ఓడ అడుగును పట్టుకొని వేగాన్ని తగ్గించాయి. ఒక చిక్కు తీరితే మరొకటి వచ్చింది. అయినా ఆ సూత్రం వ్యర్థం కాలేదు. నేటికీ భూమిలో పాతిన గొట్టాలను, ఓడలను ఆ పద్ధతితోనే రక్షిస్తున్నారు.

ఉపాయాలున్నా ఏమరుపాటు ప్రాణాలు తీస్తుంది. మెక్సికోలోని గ్వాదలహారా నగరంలో పెట్రోలు గొట్టానికి మరీ దగ్గరగా నీటిగొట్టం వేశారు. నేలలోని తేమ తోడై పెట్రోలు గొట్టం తుప్పుపట్టి రంధ్రం పడింది. చాప కింద నీరులా పెట్రోలు మురుగుకాలువలలోనికి చేరింది. వాసన వస్తున్నదని ప్రజలు ముందే మొరపెట్టుకొన్నారు. వీధులను ఖాళీ చేయించలేదు. 1992 ఏప్రిల్ 22న కాలువలు పేలి కిలోమీటర్ల పొడవున వీధులు ధ్వంసమయ్యాయి. రెండు వందలమందికి పైగా మరణించారు.

అమెరికాలోని రిచ్‌మండ్ చమురుశుద్ధి కర్మాగారంలో 2012 ఆగస్టు 6న జరిగిన ప్రమాదం మరొక పాఠం నేర్పింది. వేడి చమురులోని గంధకం ఉక్కును తినివేస్తుంది. సిలికాన్ తక్కువగా ఉన్న ఉక్కునైతే మరింత వేగంగా తింటుంది. ఒకే గొట్టంలో ఇట్టి ముక్కలు, అట్టి ముక్కలు కలిసి ఉన్నాయి. తనిఖీ చేసిన చోట్ల మందం బాగానే ఉన్నది. తనిఖీ చేయని ముక్క కాగితంలా పలుచబడి పగిలింది. పందొమ్మిదిమంది కార్మికులు ఆవిరిమేఘంలో చిక్కుకొని, అదృష్టవశాత్తు బయటపడ్డారు. పొగ సోకి చుట్టుపక్కల సుమారు 15,000 మంది వైద్యసహాయానికై పరుగెత్తారు.

గొట్టం పై రంగు చూసి లోపలి బలాన్ని అంచనా వేయరాదు. అతిధ్వని తరంగాలతో లోహపు మందాన్ని కొలిచి, ఏటేటా ఎంత తరిగిందో లెక్కకట్టి, ప్రమాదస్థాయికి చేరకముందే ఆ భాగాన్ని మార్చాలి. కొలతపుస్తకం పట్టుకొని ఎండలో నిచ్చెనలెక్కే ఉద్యోగి పేరు ఏ పత్రికలోనూ రాదు. అతడు తన పని శ్రద్ధగా చేసినంతకాలం అక్కడ ఏమీ జరగదు. సాయంకాలం కార్మికులందరూ క్షేమంగా ఇండ్లకు చేరుకొంటారు. అతని శ్రమకు అంతకుమించిన ఫలం మరొకటి లేదు.