తార్నాకలో విద్యాచిత్రములు

సినిమా యనగనే వేషములు, రంగుదీపములు, పాటలు మన కన్నులయెదుట నిలుచును. హైదరాబాదులో సినిమా లెచ్చట తీయుదురని యడిగినచో నెవరైనను ఫిలింనగరు దారి చూపుదురు. కాని నగరమునకు తూర్పువైపున, తార్నాక పరిసరములలో, టిక్కెట్టును నాయికానాయకులును లేని చిత్రము లనేకము తయారైనవి. అవి విద్యాచిత్రములు. చిత్రనిర్మాణములోని దశలను తెలిసికొనగోరు సోదరీమణులకు వీనికంటె సులభమైన యుదాహరణము దొరకదు. వీనిలో తళుకుబెళుకు లుండవు; పని మాత్రమే కనబడును.

మెట్రోరైలులో వచ్చి తార్నాక స్టేషనున దిగి, ఉస్మానియా విశ్వవిద్యాలయపు దారి పట్టవలెను. ఈ ప్రాంతముననే జాతీయ పోషకాహార సంస్థయు, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమును గలవు. ఇంకను ముందునకు బోయినచో, 1939లో ప్రారంభోత్సవము జరిగిన ఆర్ట్సు కళాశాలా భవనము తన యెత్తయిన కమానుతో, గులాబివన్నె రాతిగోడలతో దర్శనమిచ్చును. 1918లో నెలకొన్న ఈ విశ్వవిద్యాలయ మొక గొప్ప సూత్రముపై నిలిచినది. ఉన్నతవిద్యను ఇంగ్లీషులో గాక దేశభాషలో నేర్పవలెననునదియే యా సూత్రము. అందులకై శాస్త్రగ్రంథముల ననువదించుటకు ప్రత్యేకముగ నొక శాఖయే పనిచేసినది. అయితే ఆ గౌరవము ఉర్దూకు దక్కినదిగాని, నిజాము రాజ్యమున నందరికంటె నెక్కువమంది మాటలాడు తెలుగునకు దక్కలేదు. ఈ సంగతి మనస్సున నుంచుకొని ముందునకు సాగుదము.

బొమ్మలద్వారా చదువు చెప్పు ప్రయత్నము మన దేశమున పెద్దయెత్తున 1975–76లో జరిగినది. అమెరికావారి ఉపగ్రహము సాయమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు దూరదర్శన కార్యక్రమములు ప్రసారమైనవి. వానిలో మన తెలుగుపల్లెలును గలవు. పిమ్మట 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమువారు కళాశాలా విద్యార్థులకై దూరదర్శనమున పాఠము లారంభించిరి. ఆ పాఠచిత్రములను తీయుటకై కొన్ని విశ్వవిద్యాలయములలో కేంద్రములు వెలసినవి. ఉస్మానియాయందును, పొరుగుననున్న ఆంగ్ల, విదేశీ భాషల సంస్థయందును అట్టివి యేర్పడినవి. తొలుత నా పాఠములు ఇంగ్లీషున నుండెడివి. మధ్యాహ్నము వంటయిల్లు సర్దుకొని వచ్చి కూర్చున్న ఇల్లాండ్రలో నెందరి కవి యర్థమైనవో ఊహించుకొనవచ్చును.

ఇట్టి చిత్ర మెట్లు తయారగునో చూతము. "ఆడపిల్లలలో రక్తహీనత" యను విషయము తీసికొన్నామనుకొందము. మొదటి దశ కెమెరా కాదు, ప్రశ్న. ఈ చిత్ర మెవరికొరకు? వైద్యవిద్యార్థినికా, పదవతరగతి బాలికకా, కూలికి బోవు తల్లికా? దీనినిబట్టియే భాషయు, నిడివియు, చెప్పవలసిన సంగతులును నిర్ణయమగును.

రెండవది రచన. కాగితమును నిలువుగ రెండు భాగములు చేసి, ఎడమవైపున కంటికి కనబడునది, కుడివైపున చెవికి వినబడునది వ్రాయుదురు. "ఇనుము గల ఆహారము తినవలెను" అని కుడివైపున వ్రాసి ఎడమవైపు ఖాళీగా విడిచినచో నది వట్టి యుపన్యాసమే. తోటకూరపప్పులో నిమ్మకాయ పిండుచున్న చేతిని చూపినచో, నిమ్మలోని విటమిను సి ఇనుమును ఒంటబట్టించునను సంగతి యొక్కచూపున తెలియును. భోజనముతో త్రాగు టీ దాని కడ్డుపడునని చెప్పుటకు, గ్లాసును ప్రక్కకు జరుపు చేయి చాలును. వ్రాసినదానిని విషయమెరిగిన పండితులు సరిచూడవలెను.

మూడవది సన్నాహము. స్థలము చూచుట, అనుమతులు పొందుట, ఏవేళ వెలుతు రెటునుండి పడునో గమనించుట దీనిలోని పనులు. నాలుగవది చిత్రీకరణము. ఒకే పనిని దూరమునుండి, మధ్యనుండి, దగ్గరనుండి వేరువేరుగ తీయుదురు. కథలో చివర వచ్చునది మొదటిదినముననే తీయవచ్చును. అందుచేత చేతిగాజు లెన్ని, గ్లాసులో నీ రెంతవరకున్నవి యని వ్రాసికొనుట కొకరు ప్రత్యేకముగ నుందురు. నేర్పరియగు ఇల్లాలికి సహజమగు జాగ్రత్తయే యిది.

ఐదవది కూర్పు. దూరదర్శనమున సెకనుకు 25 బొమ్మలు కదలును. అనగా 20 నిమిషముల పాఠమునకు 30,000 బొమ్మలు. తీసినదానిలో నధికభాగమును విడిచి, ఉన్నదానిని వరుసగ నదికి, వ్యాఖ్యానమును, సంగీతమును చేర్చుదురు.

ఆరవది పరీక్ష. చిత్ర మెవరికొరకు తీసితిమో వారికే మొదట చూపవలెను. 1975–76 నాటి ప్రయత్నమున పరిశోధకులు పల్లెలలోనే నివసించి జను లేమి గ్రహించుచున్నారో కనిపెట్టిరి. మన చిత్రమును చూచిన యొక కోడలు, "పప్పు బాగున్నదమ్మా, కాని నా వంతు వచ్చుసరికి గిన్నెలో నేమి మిగులును?" అని యడిగినచో నేమి చెప్పుదుము? అందరును తిన్నపిదప తాను తిను స్త్రీకి కావలసినది ఆకుకూర పేరు కాదు, ఆమె కంచములో వడ్డన. అప్పుడు మరల రెండవదశకు బోయి, ఇంటిల్లిపాదియు కలిసి తినుటను వ్రాయవలెను. పండితుల పరీక్షకు నిలిచిన చిత్రముగూడ ఈ యొక్క ప్రశ్నకు నిలువకపోవచ్చును.

కెమెరా పని అన్నిటిలో మెరుపుగలదే కాని, చిత్రముయొక్క మేలుకీడులు దానికి ముందున్న ప్రశ్నవలనను, వెనుకనున్న పరీక్షవలనను తేలును. 2017లో ఆరంభమైన "స్వయం" పాఠములు నేడు సెల్‌ఫోనులోనే చూడవచ్చును. అదే ఫోనుతో చిత్రమును తీయుటయు సాధ్యమైనది. కావున మహిళాసంఘముల సోదరీమణులు తమ యూరికి కావలసిన యొక చిన్నపాఠమును తెలుగున తీయ బూనుట మేలు. దేశభాషలో చదువనెడి సూత్రము ఉస్మానియా నేలపై నూరేండ్లక్రిందటనే నాటబడినది. దాని నీడ మన పెరటిదాక వచ్చుట మన చేతిలోనే యున్నది.