గిటారుకు ఎటువంటి కేపో కొనవలెను?



హార్మోనియం, తబలా, కంజీర, తాళములు మ్రోగిన మన గ్రామ సంఘములలో ఇప్పుడు గిటారు కూడ వచ్చి చేరుచున్నది. మంచిదే. అయితే గిటారు కొనేటప్పుడు దానితోబాటు కొనవలసిన చిన్న వస్తువొకటి ఉన్నది. దాని పేరు కేపో. గుప్పిట్లో ఇమిడిపోయే ఒక బిగింపు ముక్కను గూర్చి పాస్టరు ఇంత వ్రాయవలెనా అని ఎవరైనా అడుగవచ్చును. మా సంఘములో వెనుక వరుసలవారు నోరు తెరచి పాడుటకును, మూసికొని కూర్చుండుటకును మధ్య తేడా ఆ ముక్క దగ్గరే ఉన్నట్టు మేము చూచాము గనుక వ్రాయుచున్నాము.

మా సంఘములో చాలా సంవత్సరములు హార్మోనియం వాయించిన పెద్దాయన ఒకరున్నారు. పాట ఎత్తుకొనక మునుపు ఆయన స్త్రీలు కూర్చున్న వైపు ఒకసారి చూచేవారు. ఎవరు వచ్చారు, ఎవరికి జలుబు చేసింది, కోతల దినములలో ఎవరి గొంతు బొంగురుపోయింది అని చూచుకొని శృతి ఎంచుకొనేవారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పాట పైన రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి. శృతి మాత్రము పాడించేవారి వివేచనకే విడిచిపెట్టబడింది. చేతులు వణుకుట మొదలైన తరువాత ఆయన హార్మోనియం మూసి, గుడ్డ కప్పి, వెనుకకు వెళ్లి కూర్చున్నారు.

ఆ స్థానములోనికి ఇంటర్ చదివే తమ్ముడొకడు గిటారుతో వచ్చాడు. శ్రద్ధగలవాడు, వేళకు ముందే గుడికి వచ్చేవాడు. అతనికి వచ్చిన కార్డులు అయిదారు: జి, సి, డి, ఎ, ఇ మైనరు, ఎ మైనరు. ఎఫ్ కార్డుకు చూపుడువేలిని ఆరు తీగలమీద పడుకోబెట్టి నొక్కవలెను. క్రొత్తగా నేర్చుకొనేవారి వేలికి అది త్వరగా లొంగదు. అందుచేత ప్రతి పాటా జి లోనే ఎత్తుకొనేవాడు. జి అనగా హార్మోనియం వారి లెక్కలో అయిదు శృతి.

చరణములో స్వరము పైకి వెళ్లేసరికి వెనుక వరుసలు మౌనమైపోయేవి. పుస్తకము చూడకుండ ఎన్నో కీర్తనలు మొదటి నుండి చివరి వరకు పాడగల పెద్దమ్మగారు ఒకరు వరుసగా మూడు ఆదివారములు పెదవి కదపలేదు. మా ఇంటివారు వెళ్లి అడిగితే ఆమె, "పాటలు నోటికి వచ్చు అమ్మగారూ, గొంతే అందట్లేదు. పిల్లలు పాడుకోనీండి" అన్నది. ఆ మాట విన్న రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆమె బడికి వెళ్లినది కాదు. బైబిలు చదువుకొనలేదు. ఆమెకు తెలిసిన వాక్యమంతా ఆ కీర్తనలలోనే ఉన్నది. అవి ఆమె నోట లేకుండ పోతే ఆరాధనలో ఆమెకు మిగిలేది ఏమిటి?

తమ్ముడిని తప్పుపట్టుటకు లేదు. "పోనీ సి లో పట్టమంటారా అయ్యగారూ?" అని అతడే అడిగాడు. సి లో పట్టి చూచాము. మగవారికి హాయిగా ఉన్నది గాని స్త్రీల గొంతు పాతాళమునకు దిగిపోయింది. మాకు కావలసినది మధ్యలో ఉన్న మూడు శృతి, నాలుగు శృతి. గిటారు భాషలో ఇ, ఎఫ్. వాటిలో బారె కార్డులు లేకుండ పాట సాగుట కష్టము.

ఇక్కడనే కేపో అక్కరకు వచ్చుచున్నది. అది గిటారు మెడమీద అడ్డముగా బిగించే పట్టీ. ఆరు తీగలనూ ఒకేసారి నొక్కి ఉంచుతుంది. ఒక్కొక్క ఫ్రెట్టు దాటిన కొలది శృతి ఒక్కొక్క మెట్టు పెరుగుతుంది. హార్మోనియం మీద తెల్లవి, నల్లవి కలిపి వరుసగా లెక్కించినట్టే. డి కార్డులు పట్టుకొని రెండవ ఫ్రెట్టులో కేపో పెడితే మూడు శృతి వచ్చును. మూడవ ఫ్రెట్టులో పెడితే నాలుగు శృతి. వేళ్లకు అలవాటైన కార్డులే. మ్రోగేది మాత్రము వేరే శృతి.

ఒక సంగతి ముందే తెలిసికొనవలెను. కేపో శృతిని పెంచునే గాని దించదు. "జి లో ఎక్కువైంది, కేపో పెట్టి దించండి" అంటే కుదరదు. డి కో సి కో దిగి, అక్కడనుండి కావలసినంత పైకి రావలెను. మా కమిటీలో ఈ లెక్క అందరికీ బోధపడుటకు రెండు కూడికలు పట్టింది. ఒక పెద్ద, "ఈ తంటా అంతా ఎందుకు, కీబోర్డు కొంటే బటను నొక్కగానే శృతి మారుతుంది గదా" అన్నారు. నిజమే. అయితే దాని ఖరీదు వేలలో ఉన్నది, మా ఊరి కరెంటు సంగతి ఆయనకూ తెలుసు.

కేపో అంటే చేతగానివాని ఊతకర్ర అని హేళన చేసేవారు కూడ ఉన్నారు. స్పెయిన్ దేశములో ఫ్లమెంకో గానమునకు గిటారు వాయించే ఉద్దండులు పాడేవాని గొంతును బట్టి కేపో జరుపుకొందురు. అమెరికాలో 1850లోనే జేమ్స్ ఆష్‌బోర్న్ అను గిటారు తయారీదారుడు దీనికి పేటెంటు పొందెను. వారెవరికీ లేని సిగ్గు మనకెందుకు?

స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము అమ్మిన డబ్బులోనుండి అయిదు వందల రూపాయలు ఇచ్చారు. పొయ్యిమీద అన్నము పెట్టేటప్పుడెల్లా ఒక్కొక్క గుప్పెడు తీసి ప్రక్కన పెట్టినది. అట్టి డబ్బుతో కొనేది పనికిరాకుండ పోకూడదు గనుక మేమును తమ్ముడును గిటారు వెంటబెట్టుకొని బస్సులో విజయవాడ వెళ్లాము. కండక్టరు గిటారుకు టిక్కెట్టు అడుగలేదు. ఇప్పుడు ఫోనులోనే తెప్పించుకొనవచ్చు గాని, మొదటిసారి కొనేవారు గిటారును దుకాణమునకు తీసికొని వెళ్లుటే మేలు. ఏ గిటారు మెడకు ఏ కేపో కూర్చొనునో పెట్టి చూస్తేగాని తెలియదు.

ముందుగా మీ గిటారు మెడను చూచుకొనండి. నైలాను తీగల క్లాసికల్ గిటారుకు మెడ వెడల్పు. నట్ దగ్గర సుమారు 52 మిల్లీమీటర్లు ఉంటుంది. తీగల క్రింది చెక్క సాధారణముగా చదునుగా ఉంటుంది. ఇనుప తీగల గిటారుకు వెడల్పు సుమారు 43 మిల్లీమీటర్లు, చెక్క కొంచెము గుమ్మటము వలె వంగి ఉంటుంది. తీగలు మార్చేటప్పుడు ఒక స్కేలును చెక్కమీద అడ్డముగా నిలిపి చూస్తే, ఇరుప్రక్కల సందు కనబడితే అది వంపు చెక్క. చదును కేపోను దానిమీద పెడితే మధ్య తీగలు అణగును గాని చివరి తీగలు జీరగా మ్రోగును. వంపు కేపోను చదును చెక్కమీద పెడితే దీనికి వ్యతిరేకము. దుకాణములోని కుర్రవాడు మాకు మొదట చదునుదే ఇచ్చాడు. ఆరవ తీగ మీటగానే జుర్రుమన్నది.

తరువాత బిగించే విధానము. అన్నిటికంటె చవక సాగే పట్టీది. రంధ్రములున్న పట్టీని లాగి కొక్కెమునకు తగిలించుట. కొంతకాలమునకు పట్టీ సాగిపోవును, లావు తీగలు సరిగా అణగవు. రెండవది స్ప్రింగుది, బట్టలకు పెట్టే క్లిప్పువంటిది. కైజర్ కంపెనీవారి స్ప్రింగు కేపో పేరున్నది. ఒంటి చేతితో, రెప్పపాటులో మార్చవచ్చును. వేదికలమీద ఆపకుండ వాయించేవారికి బాగు. అయితే స్ప్రింగు బలము దాని చేతిలోనే ఉన్నది, మన చేతిలో లేదు. తీగలు ఎత్తుగా ఉన్న గిటారుమీద అది గట్టిగా అదిమితే తీగ సాగి శృతి కొంచెము పైకి పోవును. మూడవది మరతో బిగించేది. ఎంత కావలెనో అంతే తిప్పుకొనవచ్చు. షబ్ వారిది మరొక తరహా: మరతో ఒకసారి బలము సరిచేసికొంటే తరువాత మీట వేసి తీయుటే. అవి మంచివని విన్నాము గాని ఆ దుకాణములో ఉన్న విదేశపు కేపోల ఖరీదు మా అయిదు వందలకు అందలేదు.

మేము మర బిగింపుదే ఎంచుకొన్నాము, 450 రూపాయలు. మార్చుటకు రెండు చేతులు, అర నిమిషము కావలెను. మా ఆరాధనలో పాటకు పాటకు మధ్య ప్రార్థన ఉంటుంది గదా, తొందర ఏమున్నది? కొనక ముందు ఒకటి, మూడు, అయిదు ఫ్రెట్లలో పెట్టి ఆరు తీగలను ఒక్కొక్కటిగా మీటించాము. అన్నీ కలిపి ఒక్కసారి వాయిస్తే లోపము దాగిపోవును. లోపలి రబ్బరు మెత్తగా, అంతటా సమానముగా ఉన్నదా అని కూడ వేలితో తడిమి చూడవలెను.

పెట్టే చోటు ముఖ్యము. ఫ్రెట్టు కమ్మికి వెనుక, దానికి ఆనుకొని, వంకర లేకుండ ఉండవలెను. కమ్మిమీద పెడితే తీగ మూగబోవును. కమ్మికి దూరముగా పెడితే ఎక్కువ బిగించవలసి వచ్చి శృతి తప్పును. జీర పోయేంత వరకే మర తిప్పవలెను.

తిరిగి వచ్చిన శనివారము సాయంకాలము హార్మోనియం పెద్దాయనను పిలిపించాము. కేపో పెట్టి తమ్ముడు డి పట్టాడు. ఆయన కళ్లు మూసికొని విని, "మూడో తీగ కొంచెం ఎక్కింది రా, వదులు చెయ్యి" అన్నారు. తమ్ముడు ఫోనులో ట్యూనరు తీసి చూస్తే నిజముగానే ముల్లు ప్రక్కకు ఉన్నది. మర పావు చుట్టు వదులు చేయగానే సరిపోయింది. ఆ దినమునుండి శృతి చెప్పేది పెద్దాయన, కేపో పెట్టేది తమ్ముడు. ఆయన మరల ముందు వరుసకు వచ్చి కూర్చున్నారు.

ఆదివారము రెండవ కీర్తన మూడు శృతిలో ఎత్తారు. పెద్దమ్మగారు పల్లవి వరకు ఊరకున్నారు. మొదటి చరణములో ఆమె గొంతు వినబడింది. మునుపటి బలము లేదు, వణుకు ఉన్నది, అయినను చివరి మాట వరకు పాడారు. యౌవనస్థులలో ఇద్దరు ముగ్గురు పాట చప్పబడిందని తరువాత మాతో అన్నారు. వారి సాయంకాలపు కూడికలో జి లోనే పాడుకొనమని చెప్పాము. కేపో తీసివేస్తే చాలు.

తీసివేయుట అనగా గుర్తు వచ్చింది: వాయించుట అయిపోగానే కేపోను గిటారు మెడమీద ఉంచక తీసి సంచిలో వేయండి. ఎండలో ఉంచితే రబ్బరు గట్టిపడును. సంవత్సరము తిరిగేసరికి మా దాని రబ్బరు మీద ఆరు తీగల గాళ్లు పడ్డాయి. గాడి లోతైతే అక్కడ తీగ సరిగా అణగదు. రబ్బరు విడిగా దొరికే రకము కొంటే అది మాత్రము మార్చుకొనవచ్చును.

ఇప్పుడు గుడిలోని కీర్తనల పుస్తకములో రాగతాళముల ప్రక్కన పెన్సిలుతో అంకెలు ఉన్నాయి: "4, డి, 3" అనగా నాలుగు శృతి, డి కార్డులు, మూడవ ఫ్రెట్టు. తమ్ముడు పై చదువుకు వెళ్లినా తరువాతివారికి తెలియవలెనని పెద్దాయనే చెప్పి వ్రాయించారు. చలికాలపు ఉదయము అయితే ఒక ఫ్రెట్టు తగ్గించుకొనవలెనని కొన్ని పాటలకు ప్రక్కనే గుర్తు పెట్టించారు.