టాంగోకి కొత్త ఊపిరి

బ్యూనస్‌ ఎయిర్స్‌ నుంచి దక్షిణంగా 400 కిలోమీటర్లు వెళితే అట్లాంటిక్‌ ఒడ్డున ఓ అందమైన ఊరు... మార్‌ డెల్‌ ప్లాటా. అర్జెంటీనా వాళ్లకి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేసవి. ఆ మూణ్నెల్లూ రాజధాని జనం ఈ బీచ్‌లకే పరుగులు తీస్తారు. అక్కడ విమానం దిగితే ముందుగా పలకరించే పేరు ఆస్టర్‌ పియాజోలా. ఆయన నాయకుడు కాదు, సైనికుడూ కాదు. ఓ వాద్యకారుడు! 2008లో విమానాశ్రయానికి ఆ పేరు పెట్టారు.

1921 మార్చి 11న ఆయన పుట్టింది ఈ ఊళ్లోనే. నాలుగేళ్లకే కుటుంబం న్యూయార్క్‌ వెళ్లిపోయింది. క్షౌరవృత్తి చేసే తండ్రి విసెంటేకి టాంగో అంటే ప్రాణం. ఎనిమిదేళ్ల కొడుక్కి తాకట్టు కొట్లో ఓ పాత బాండోనియన్‌ కొనిచ్చాడు. మన హార్మోనియంలాగే తిత్తితో గాలి ఊది పలికించే వాయిద్యమది. ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో సాగదీస్తూ ఇరువైపులా మీటలు నొక్కాలి.

టాంగో చక్రవర్తి కార్లోస్‌ గార్డెల్‌ ఆ కుర్రాణ్ని చూసి ముచ్చటపడ్డాడు. తనతో పర్యటనకి రమ్మన్నాడు. 'ఇంకా చిన్నవాడు' అంటూ తండ్రి పంపలేదు. 1935 జూన్‌లో కొలంబియాలో జరిగిన విమాన ప్రమాదంలో గార్డెల్‌ చనిపోయాడు. ఆ 'వద్దు' అన్న మాటే కొడుకు ప్రాణం కాపాడింది!

పెద్దయ్యాక ఆస్టర్‌కి టాంగో అంటే చిన్నచూపు ఏర్పడింది. శాస్త్రీయ సంగీతకర్త కావాలని 1954లో ప్యారిస్‌ వెళ్లి నాదియా బులాంజే దగ్గర చేరాడు. ఓ రోజు ఆమె అడిగితే మొహమాటంగా తన టాంగో వాయించాడు. అసలు పియాజోలా ఇక్కడే ఉన్నాడు, దీన్ని వదలొద్దంది ఆ గురువు.

తిరిగొచ్చి 1955లో ఎనిమిది మందితో బృందం కట్టాడు. అందులో ఎలక్ట్రిక్‌ గిటారూ ఉంది. జాజ్‌ పోకడలూ, బాఖ్‌ పద్ధతులూ కలిపి, కాళ్లకోసం కాదు చెవులకోసం టాంగో రాశాడు. ఛాందసులు మండిపడ్డారు. టాక్సీవాళ్లు ఎక్కించుకునేవారు కాదని కూడా చెబుతారు.

1959లో ఆయన విదేశీ పర్యటనలో ఉండగా తండ్రి పోయాడు. కడసారి చూపు దక్కలేదు. ఆ దుఃఖంలోంచి పుట్టిందే 'ఆదియోస్‌ నోనినో'. నోనినో... పిల్లలు తమ తాతయ్యని పిలుచుకునే పేరు.

1992 జులై 4న పియాజోలా కన్నుమూశాడు. ఒకప్పుడు ఆయన్ని టాక్సీ ఎక్కించుకోనన్న దేశంలోనే, ఇప్పుడు ఆయన పేరు మీద విమానాలు దిగుతున్నాయి. అంతటికీ మొదలు... ఓ నాన్న కొనిచ్చిన పాత వాయిద్యం!